టర్బో పోయిందంటున్నరు, నాకేమో ఎక్కడో ఎయిర్ లాగుతోందని డౌట్ (పాత 1.8 టర్బో పెట్రోల్)

సెల్లార్ సెడాన్ (ఈసీఐఎల్)
అన్నలూ, జర హెల్ప్ కావాలె. బండి 2008 మోడల్ సెడాన్, 1.8 టర్బో పెట్రోల్, మాన్యువల్, 1,12,000 తిరిగింది, నేను మూడో ఓనర్ని. 15 ఏళ్లు దాటినంక గ్రీన్ ట్యాక్స్ కట్టి మరీ ఆర్సీ రెన్యువల్ చేపించుకున్న, అంటే నాకెంత పిచ్చో మీరే అర్థం చేస్కోండి, ఇంట్లనైతే స్క్రాప్‌కి ఇచ్చెయ్యమని రోజూ లొల్లి.

సంగతేందంటే రెండు నెలల నుంచి పొద్దుగాల స్టార్ట్ చేస్తే ఐడిల్ (తొక్కకుండ ఊకె నడిచేటప్పటి ఇంజన్ స్పీడు) ఊగుతోంది, ఆర్పీఎమ్ 650 కి పడుతది, 950 కి లేస్తది, మళ్ల పడుతది, సిగ్నల్ల ఆగితే స్టీరింగ్ వణుకుడు. చెక్ ఇంజన్ లైట్ వచ్చింది, కోడ్ పీ0171, అంటే మిక్స్చర్ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) అని. దాంతోపాటు పికప్ పోయింది, ఓఆర్‌ఆర్ మీద థర్డ్ గేర్ల తొక్కితే ఎన్కట లెక్క వీపు సీటుకి అతుక్కోవట్లే, బానెట్ కింద నుంచి ఉష్‌ష్ అని సౌండ్ వస్తున్నది.

ఒక పెద్ద వర్క్‌షాప్‌కి తీస్కపోతే చూడకుండనే టర్బో (ఇంజన్‌లకి గాలిని ఒత్తి పంపేది) పోయింది, మొత్తం 1,40,000 అయితది అన్నరు. ఇంకొకాయన మాఫ్ సెన్సర్ (ఇంజన్‌లకి పోయే గాలిని కొలిచేది) అన్నడు, మార్చిండు, 4,500 పోయినయ్, ఫరక్ ఏం లేదు. ఇంకోచోట స్మోక్ టెస్ట్ (పైపులల్ల పొగ నింపి లీక్ చూసేది) గూడ చేపించిన, పొగ ఎక్కడా రాలే, లీక్ లేదు పొమ్మన్నరు. ఇగ ఏం చెయ్యాలె?

బూస్ట్ భాయ్ (టోలిచౌకి)
1,40,000?? ఆ పైసలకి ఇంకో బండొస్తది భాయ్ 😂 టర్బోకి ఏం కాలేదు, లైట్ తీస్కో. కార్బ్ క్లీనర్ డబ్బా కొను, బండి స్టార్ట్ చేసి పైపుల మీద కొడుతూ పో, ఎక్కడ కొడితే ఇంజన్ సౌండ్ మారుతదో అక్కడ లీక్. అయిదు నిమిషాల పని.

పాతకాలం మెకానిక్ (బాలానగర్)
తమ్ముడూ బూస్ట్ భాయ్, ఆ సలహా మామూలు బండికైతే ఏదో సరే, టర్బో బండికి ఇయ్యకు. టర్బో హౌసింగ్ గట్టిగ నడిచి వచ్చినంక ఎర్రగ కాలుతది, దాని మీద కార్బ్ క్లీనర్ పడితే ఏమైతదో నాకు తెలుసు, 2011ల నా కనుబొమ్మలు పోయినయ్, నాలుగు నెలలు పెన్సిల్‌తో గీసుకున్నట్టు తిరిగిన, పెళ్లిలకి గూడ పోలే. ఎవరన్నా అడిగితే ఏం చెప్తం. చెయ్యాల్సే వస్తే చల్లటి ఇంజన్ మీద, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకుని చెయ్యి. లేకపోతే స్ప్రే బాటిల్ల మామూలు నీళ్లు పోసి పైపుల మీద కొట్టు, చిల్లు దగ్గర ఇంజన్ ఒక్క క్షణం తడబడుతది.

ల్యాంబ్డా వన్ (మియాపూర్)
పార్టులు మార్చడం ఆపి ముందు నంబర్లు చూడండి. మీ దగ్గర బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్ నంబర్లు ఫోన్‌కి పంపేది) ఉందా? ఉంటే టార్క్ యాప్‌లో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ రెండూ పెట్టి, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక ఐడిల్‌లో ఒక రీడింగు, 2500 ఆర్పీఎమ్ దగ్గర కదలకుండా పట్టుకుని ఒక రీడింగు తీయండి. మాఫ్ చూపించే గ్రాములు (సెకనుకి వచ్చే గాలి) కూడా రాసుకోండి.

ఎందుకంటే ఈసీయూకి (ఇంజన్ కంప్యూటర్‌కి) తెలిసిన గాలి మాఫ్ దాటి వచ్చిందే. మాఫ్ తర్వాత ఎక్కడో చిల్లు ఉంటే ఆ దారిన వచ్చేది దొంగగాలి, దానికి పెట్రోల్ లెక్క ఉండదు, ఆక్సిజన్ సెన్సర్ లీన్ అని అరుస్తుంది, ఈసీయూ పెట్రోల్ కలుపుతూ పోతుంది, ఆ కలిపిన శాతమే ట్రిమ్. సున్నాకి అటూ ఇటూ 5 మామూలే, 10 దాకా సర్దుకోవచ్చు, 25 దగ్గరికి వెళ్లిందంటే పీ0171 వచ్చే టైమ్ అయినట్టే. ఇక ఐడిల్‌లో ఇంజన్ పీల్చే గాలే కొంచెం కాబట్టి అందులో దొంగగాలి వాటా పెద్దది, 2500 దగ్గర మొత్తం గాలి పెరుగుతుంది కానీ చిల్లు సైజు అంతే ఉంటుంది, కాబట్టి లీక్ వాటా చిన్నదైపోతుంది, అందుకే ట్రిమ్ కిందికి దిగుతుంది. అలా దిగితే లీక్. దిగకుండా అన్ని చోట్లా ఒకేలా ఎక్కువుంటే మాఫ్ తక్కువ చెప్తోంది. రేస్ చేసేకొద్దీ పెరిగితే ఫ్యూయల్ పంపో ఫిల్టరో.

సెల్లార్ సెడాన్
అన్నా మస్తు క్లియర్‌గ చెప్పినవ్, థ్యాంక్స్. డాంగిల్ తమ్ముని దగ్గర ఉంది, రేపు తీస్త.

ల్యాంబ్డా వన్
అన్న కాదు, అక్క 🙂

సెల్లార్ సెడాన్
సారీ అక్కా!! 🙏

ఈ20 బాధితుడు (ఉప్పల్)
ఇన్ని టెస్టులెందుకు బ్రో, ఇప్పుడు బంకుల్లో వచ్చేదంతా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) నే, పాత బండ్లకి అది పడదు, లీన్ అని లైట్ రాక ఏమొస్తది. మా బండికి గూడ ట్రిమ్ ప్లస్‌లనే ఉంటది. ఏం చేసినా పోదు.

ల్యాంబ్డా వన్
మీరన్నదాంట్లో నిజం ఉంది కానీ మొత్తం దాని మీద వేయకండి. మామూలు పెట్రోల్ ఒక కిలో కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. ఈ10 అయితే దాదాపు 14.1, ఈ20 అయితే 13.5 చిల్లర. అంటే ఈ10 నుంచి ఈ20 కి మారితే ట్రిమ్ 3, 4 శాతం పైకి వెళ్లడం లెక్క ప్రకారమే జరుగుతుంది, అచ్చం పెట్రోల్‌కే ట్యూన్ చేసిన పాత బండికి ఇంకొంచెం ఎక్కువ. కానీ అది ఐడిల్‌లో, 2500 లో, హైవే మీద అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది, ఐడిల్‌లో మాత్రమే బండిని ఊపదు.

కేపీహెచ్‌బీ డీజిల్ (కూకట్‌పల్లి)
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాది డీజిల్ అండి, అప్పుడప్పుడు పికప్ పోయి లింప్ మోడ్‌లోకి (బండి తనంతట తానే పవర్ తగ్గించుకునే మోడ్) వెళ్తోంది, ఆపి స్టార్ట్ చేస్తే మామూలు. దీనికీ వాక్యూమ్ లీక్ ఉంటుందా?

పాతకాలం మెకానిక్
ఉంటది గాని కథ వేరే. డీజిల్‌ల పెట్రోల్ లెక్క మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టం) వాక్యూమ్ ఉండదు, వేరే వాక్యూమ్ పంపు ఉంటది, అది బ్రేక్ బూస్టర్‌కి (బ్రేక్ తొక్కుడు తేలిక చేసేది), శాన బండ్లల్ల టర్బో వేన్లు తిప్పే యాక్చుయేటర్‌కి గూడ పోతది. ఆ సన్న పైపుల గుండుసూది అంత చిల్లు పడ్డా టర్బోకి అందాల్సిన గుంజుడు అందదు, బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) తక్కువైంది అని లింపుల పోతది. చేతి వాక్యూమ్ పంపు తెచ్చి యాక్చుయేటర్‌కి పెట్టి గుంజు, రాడ్ కదలాలె, కదిలినంక ముల్లు పడిపోకుండ అట్లనే నిలవాలె. కొత్త బండ్లకి ఎలక్ట్రిక్ యాక్చుయేటర్, వాటికి ఇది పనిచెయ్యదు. నువ్వు వేరే పోస్ట్ పెట్టు తమ్ముడూ, ఈయన బండి సంగతి తేల్చనియ్యి.

సెల్లార్ సెడాన్
అక్కా, తీసిన. ఇంజన్ వేడెక్కినంక, ఏసీ ఆఫ్.
ఐడిల్‌ల లాంగ్ టర్మ్ ప్లస్ 18, షార్ట్ టర్మ్ ప్లస్ 4 దగ్గర ఊగుతోంది, రెండు కలిపితే 22.
2500ల రెండు కలిపి ప్లస్ 9.
మాఫ్ ఐడిల్‌ల 1.7 గ్రాములు.
ఇంకోటి, తాళం పెట్టి ఇంజన్ ఆన్ చెయ్యకుండ చూస్తే బూస్ట్ సెన్సర్ 950 మిల్లీబార్ చూపిస్తోంది, నెట్‌ల చూస్తే 1013 ఉండాలంట, అది గూడ పోయిందా ఏంది?

ల్యాంబ్డా వన్
సెన్సర్ భేషుగ్గా ఉంది. 1013 సముద్రమట్టం దగ్గరి లెక్క, మనం దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉన్నాం, హైదరాబాదులో 950 కి అటూ ఇటూనే చూపించాలి. వాక్యూమ్ గేజ్ పెట్టే వాళ్లకి కూడా ఇదే సంగతి, పుస్తకాల్లో మంచి ఇంజన్ ఐడిల్‌లో 18 నుంచి 22 అంగుళాలు చూపించాలని ఉంటుంది, మన దగ్గర అందులో రెండు అంగుళాల దాకా తీసేసుకోండి, లేకపోతే బాగున్న ఇంజన్‌నే విప్పించుకుంటారు.

ఇప్పుడు మీ నంబర్లు. 22 నుంచి 9 కి దిగింది, కాబట్టి చిల్లు ఉంది, అందులో అనుమానం లేదు. 1.8 ఇంజన్‌కి ఐడిల్‌లో రెండు గ్రాముల పైన రావాలి, 1.7 అంటే కొంత గాలి మాఫ్‌కి కనపడకుండా పక్కదారిన వస్తోంది. కానీ నాకు ఆ 9 నచ్చలేదు. ఒక్క లీకే అయితే 2500 దగ్గర మూడో నాలుగో అవ్వాలి. ఈ20 వాటా తీసేసినా ఇంకా మిగులుతోంది. కొత్త మాఫ్ 4,500 కి వేశాడన్నారు, అది ఒరిజినలేనా?

సెల్లార్ సెడాన్
డబ్బా మీద పేరైతే ఉంది... కానీ ఒరిజినల్ 11,000 పైన అని ఇప్పుడే చూసిన 😐 పాతది డిక్కీలనే ఉంది, పడెయ్యలే.

ల్యాంబ్డా వన్
పడేయకండి. దాని సంగతి చివర్లో చూద్దాం, ఒకేసారి రెండు మారిస్తే దేనివల్ల ఏమైందో తెలీదు.

బూస్ట్ భాయ్
అక్కా నాకో డౌట్, నా దోస్త్‌ది 1.0 టర్బో హ్యాచ్‌బ్యాక్, ఐడిల్ 1100 దగ్గర నిలబడుతది, కిందికి రాదు, కానీ ట్రిమ్ మంచిగనే ఉంది ప్లస్ 2. దానికి లీక్ లేనట్టేనా?

ల్యాంబ్డా వన్
మంచి ప్రశ్న. ఆ బండికి మాఫ్ ఉండకపోవచ్చు, మ్యాప్ సెన్సర్‌తోనే నడిపించే ఇంజన్లు చాలా ఉన్నాయి. మ్యాప్ కొలిచేది మానిఫోల్డ్‌లో ప్రెషర్, గాలి ఏ దారిన వచ్చిందో దానికి అక్కర్లేదు, దొంగగాలి లోపలికి రాగానే ప్రెషర్ పెరుగుతుంది, ఈసీయూ దానికి తగ్గ పెట్రోల్ పోసేస్తుంది. మిక్స్చర్ సరిగ్గానే ఉంటుంది కాబట్టి ట్రిమ్ కదలదు, ఇంజన్ మాత్రం పైన తిరుగుతుంది. మాఫ్ బండిలో లీక్ అయితే ట్రిమ్‌లో బయటపడుతుంది, మ్యాప్ బండిలో అయితే ఆర్పీఎమ్‌లో. ఇది తెలియకే ట్రిమ్ బాగుంది, లీక్ లేదు అని పంపించేస్తుంటారు.

పాతకాలం మెకానిక్
ఇంతకీ టర్బో బండితోని వచ్చే తిప్పలేందో చెప్త. మామూలు ఇంజన్‌ల చిల్లు ఎప్పుడూ లోపలికే పీలుస్తది. టర్బోల అదే చిల్లు రెండు తీర్ల పనిచేస్తది, ఐడిల్‌ల పీలుస్తది, బూస్ట్ ఎక్కినంక బయటికి ఊదుతది. పీల్చినప్పుడు లీన్, ఊదినప్పుడు లెక్కలకొచ్చిన గాలి బయటికి పోతది గాబట్టి పెట్రోల్ ఎక్కువై రిచ్, పొగ నల్లగ వస్తది. గందుకే చిల్లు ఎక్కడుందో ముందుగాల మూడు ముక్కలుగ కోసి చూడాలె.

ఎయిర్ ఫిల్టర్ దాటినంక మాఫ్ నుంచి టర్బో మూతి దాక ఒక ముక్క, అక్కడ ఎప్పుడూ పీల్చుడే, ఐడిలైనా రేసింగైనా లీన్. టర్బో నుంచి ఇంటర్‌కూలర్ (గాలిని చల్లబరిచేది) మీదుగ థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి మూత) దాక రెండో ముక్క, అక్కడ ఐడిల్‌ల పెద్దగ వాక్యూమ్ ఉండదు, కాబట్టి ఐడిల్ మంచిగుండి తొక్కినప్పుడే ఉష్‌మని ఊది పికప్ పోతది, ఆ పెద్ద పైపు ఊడొస్తే బండి ముక్కుతూ మూలుగుతూ ఇంటికొస్తది. థ్రాటిల్ దాటినంక మానిఫోల్డు, దాన్నించి పోయే సన్న పైపులన్నీ మూడో ముక్క, అక్కడ చిల్లుంటే ఐడిల్ గూడ పాడు, బూస్ట్ గూడ పాడు. నీకు రెండూ ఉన్నయ్. నీది మూడో ముక్కలనే ఉంది తమ్ముడూ, చెయ్యి అటు పెట్టు.

ఈ20 బాధితుడు
అయితే స్మోక్ టెస్ట్‌ల ఎందుకు దొరకలే మరి?

పాతకాలం మెకానిక్
పొగ ఎక్కడ పెట్టిన్రో అడుగు. ఫిల్టర్ డబ్బా దగ్గర పైపు తీసి అక్కడ పొగ పెట్టి ఉంటరు, థ్రాటిల్ మూసుకుని ఉంటది, దాని ముందర దాకనే పొగ నిండుతది, ఎనకకి ఏదో కొంచెం జారుతది. అయిదు నిమిషాలు చూసి లేదన్నరు. మానిఫోల్డ్ మీద ఏదన్న సన్న పైపు పీకి అక్కడ నుంచి పెట్టాలె, లేకపోతే ఇగ్నిషన్ ఆన్ చేసి యాక్సిలరేటర్ తొక్కిపట్టాలె, ఎలక్ట్రానిక్ థ్రాటిల్ గాబట్టి తెరుచుకుంటది. బ్రేక్ బూస్టర్ పైపు నుంచి మాత్రం పెట్టొద్దు, దాంట్ల చెక్ వాల్వ్ (ఒక్క దిక్కే పోనిచ్చేది) ఉంటది, తప్పు దిక్కు పెడితే పొగ పోదు.

సెల్లార్ సెడాన్
కరెక్టే, ఫిల్టర్ దగ్గరనే పెట్టిండ్రు! ఇంట్ల చేస్కునే టెస్టులు ఏమన్న ఉంటే చెప్పండి, మళ్ల వర్క్‌షాప్ అంటే మా ఆవిడ తలుపు తియ్యదు.

ల్యాంబ్డా వన్
సెల్లార్‌లో నిలబడి చేయగలిగేవి మూడున్నాయి. ఐడిల్‌లో ఇంజన్ ఆయిల్ మూత తీయండి. మామూలుగా అయితే ఇంజన్ వెంటనే తడబడాలి, ఎందుకంటే బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిరి పోయే పైపు) దారిన మాఫ్‌కి తెలియని గాలి లోపలికి వస్తుంది. అసలేం తేడా రాకపోతే ఆ దారిలో అప్పటికే గాలి వస్తున్నట్టు. మూత అతుక్కుపోయి లాగినా రాక ఈల వేసినట్టు వస్తే పీసీవీ (బ్రీదర్ వాల్వ్) డయాఫ్రమ్ చిరిగినట్టు.

బ్రేక్‌కి, ఇంజన్ ఆపేసి పెడల్ నాలుగైదు సార్లు తొక్కండి గట్టిపడేదాకా, అలాగే తొక్కిపట్టి స్టార్ట్ చేయండి, పెడల్ కొంచెం కిందికి దిగాలి. ఆ తర్వాత ఐడిల్‌లో బ్రేక్ తొక్కినప్పుడల్లా ఇంజన్ వేగం మారుతుంటే బూస్టర్ లీక్.

మూడోది పర్జ్ వాల్వ్, ట్యాంకు ఆవిరి మానిఫోల్డ్‌లోకి పంపేది. దాని రబ్బరు పైపుని నోస్ ప్లయర్‌కి గుడ్డ చుట్టి నొక్కిపట్టి ట్రిమ్ చూడండి. నొక్కగానే ట్రిమ్ పడిపోతే అదే దొంగ.

ప్లాస్టిక్ పైపుల్ని మాత్రం నొక్కకండి, పాత బండి, పటుక్కున విరుగుతాయి.

సెల్లార్ సెడాన్
చేసిన. మూత ఈజీగ వచ్చింది, తీయంగనే ఇంజన్ డగడగ కొట్టి ఆగిపోయేటట్టయింది, అంటే అక్కడ మంచిగుంది. బ్రేక్ ఓకే. పర్జ్ పైపు నొక్కితే ట్రిమ్ కదలలే. వాచ్‌మెన్ తాత కుర్చీ ఏస్కుని పక్కనే కూసున్నడు, సార్ బండి అమ్మేస్తున్నరా అని మూడుసార్లు అడిగిండు.

రాణిగంజ్ రాజా (సికింద్రాబాద్)
ఇప్పుడు ప్రెషర్ పెట్టి చూడాలె, దానికి మెషిన్ అక్కర్లేదు. ప్లంబింగ్ షాపుల పీవీసీ ఎండ్ క్యాప్ తీస్కో, టర్బో మూతి పైపుల పట్టే సైజుది, మధ్యల డ్రిల్ చేసి పంక్చర్ షాపుల దొరికే ట్యూబ్‌లెస్ వాల్వ్ బిగించు. టర్బో మూతి రబ్బరు పైపుల అది దూర్చి క్లిప్పు గట్టిగ బిగించి కాలి పంపుతోని గాలి కొట్టు. అంతే, వంద రెండొందల పని. చెవి పెట్టి విను, డౌట్ ఉన్నకాడ సబ్బునీళ్లు కొట్టు, బుడగలొస్తయ్. ఇది ఐడిల్‌ల గాదు, ఇంజన్ ఆపి చెయ్యాలె.

ల్యాంబ్డా వన్
దీనికి రెండు జాగ్రత్తలు. కంప్రెసర్ డైరెక్టుగా పెట్టకండి, మీ బండి మామూలు బూస్టే 0.6 బార్, అంటే 9 పీఎస్ఐ కూడా లేదు, 8 నుంచి 10 చాలు, కాలి పంపే మంచిది, క్యాప్‌కి ఎదురుగా మొహం పెట్టకండి, ఊడితే రాయిలా తగులుతుంది. రెండోది, ఆ పైపులోకి ఇంజన్ బ్రీదర్ వచ్చి కలుస్తుంది, అది అలాగే వదిలేస్తే మీరు కొట్టే గాలంతా క్రాంక్‌కేస్‌లోకి (ఇంజన్ అడుగు భాగంలోకి) వెళ్లి సీళ్ల మీద పడుతుంది, బాగున్న సీల్ లీకవుతుంది. బ్రీదర్ పైపు తీసి రెండు వైపులా మూసేసి అప్పుడు కొట్టండి.

గాలి సైలెన్సర్ లోంచి కొంచెం వస్తే కంగారు పడకండి, ఏదో ఒక సిలిండర్లో వాల్వులు తెరుచుకుని ఉంటాయి. థ్రాటిల్ కూడా తెరవాలి, లోపల ఒకరు కూర్చుని ఇగ్నిషన్ ఆన్ పెట్టి తొక్కిపట్టాలి.

బూస్ట్ భాయ్
వాచ్‌మెన్ తాత ఉన్నడుగా 😂

సెల్లార్ సెడాన్
దొరికింది!!!!!!

ఆదివారం పొద్దున చేసిన. తాత లోపల కూసుని తొక్కిండు, నేను పంపు కొట్టిన, ఆరు పీఎస్ఐ దాక ఎక్కంగనే బుస్ అని పాము సౌండ్, మానిఫోల్డ్ ఎనక ఫైర్‌వాల్ దిక్కు నుంచి. ఏం కనపడతలేదు, ఇంజన్ కవర్ తీసి ఫోన్ లోపల పెట్టి వీడియో తీసిన, అప్పుడు కనపడ్డది, సన్న రబ్బరు పైపు ఒకటి సగానికి కొరికేసి ఉంది, పండ్ల గుర్తులు గూడ క్లియర్‌గ ఉన్నయ్. ఎలుక!! కవర్ కింద బియ్యం గింజలు, ఎవరిదో పూజ వత్తి ముక్క, ఇంత కాపురమే పెట్టింది. ఆ పైపు పట్టుకుని పోతే ముందర టర్బో పక్కన గుండ్రటి వాల్వ్ మీదకి పోయింది. అదేంది?

పాతకాలం మెకానిక్
డైవర్టర్ వాల్వ్. ఇప్పుడు నీ రెండు రోగాలకి ఒకటే మందు దొరికింది. తొక్కుడు ఆపినప్పుడు థ్రాటిల్ మూసుకుంటది గదా, అప్పుడు మిగిలిన బూస్ట్ పోయే దారి ఆ వాల్వ్. ఆ సన్న పైపుల వాక్యూమ్ వస్తే తెరుచుకుంటది, బూస్ట్ వస్తే పైనుంచి ఒత్తి గట్టిగ మూసిపెడుతది. పైపు కొరికినంక ఐడిల్‌ల దాన్నించి ఎయిర్ లాగుతోంది, అది నీ 22. తొక్కినప్పుడు పైన ఒత్తుడు లేదు, కింద బూస్ట్ వాల్వ్‌ని లేపుకుని టర్బో ముందరికే తిరిగి పోతోంది, అది నీ పికప్. టర్బో పాపం తిరుగుతనే ఉంది, దాని మీద 1,40,000 నింద.

రాణిగంజ్ రాజా
నూలు అల్లిక ఉన్న వాక్యూమ్ హోస్ తీస్కో, లేకపోతే మందం సిలికాన్, 4 ఎంఎం. మీటర్ వంద చిల్లర ఉంటది.

సెల్లార్ సెడాన్
షాపులు బంద్ ఉండె, చేపల తొట్టి పైపు ఇంట్ల ఉంటే అదే పెట్టిన 😬 తేడా అయితే తెలిసింది, ఐడిల్ నిలబడ్డది. తార్నాక దాక పోయి వచ్చేటాలకి మళ్ల ఊగుడు మొదలు.

ల్యాంబ్డా వన్
అది వేడికి మెత్తబడి వాక్యూమ్‌కి అతుక్కుపోయి ఉంటుంది. తీసేయండి వెంటనే. మందం గోడ ఉన్న పైపే పెట్టాలి, రెండు చివరలా చిన్న క్లిప్పులు కూడా, బూస్ట్‌కి ఊడకుండా.

సెల్లార్ సెడాన్
తీసేసిన అక్కా. ఇయాల సికింద్రాబాద్ పోయి అల్లిక పైపు రెండు మీటర్లు తెచ్చి, ఆ ఒక్కటే గాదు, పక్కనున్న సన్న పైపులు గూడ ముట్టుకుంటే పెళుసుగ విరుగుతున్నయ్, నాలుగు మార్చిన. కోడ్ క్లియర్ చేసి 40 కిలోమీటర్లు తిప్పిన. నంబర్లు: ఐడిల్‌ల ప్లస్ 10, 2500ల ప్లస్ 9.

ల్యాంబ్డా వన్
చూశారా, ఇప్పుడు రెండూ దాదాపు సమానం. లీక్ పోయింది, మిగిలింది అన్నిచోట్లా ఒకేలా ఉన్నది. ఇప్పుడు డిక్కీలో పాత మాఫ్ బయటికి తీయండి. మాఫ్ క్లీనర్ అని వేరే డబ్బా దొరుకుతుంది, కార్బ్ క్లీనర్ వాడకండి, లోపలి తీగని గుడ్డతో వేలితో ముట్టుకోకండి, దూరం నుంచి స్ప్రే చేసి పూర్తిగా ఆరాక పెట్టండి.

కేపీహెచ్‌బీ డీజిల్
పోస్ట్ వేరే పెట్టమన్నారు కానీ ఇక్కడే చెప్పేస్తాను, నాది కూడా దొరికిందండి, యాక్చుయేటర్ పైపే, బ్యాటరీ ట్రే కింద రాసుకుని అరిగిపోయింది. మెకానిక్ గారికి దండాలు.

సెల్లార్ సెడాన్
పాత మాఫ్ కడిగి పెట్టిన, మూడు రోజులు ఆఫీసుకి నడిపిన. ఐడిల్‌ల ప్లస్ 5, 2500ల ప్లస్ 4. ఐడిల్‌ల మాఫ్ 2.4 గ్రాములు. లైట్ మళ్ల రాలే. నిన్న బాలానగర్ల మెకానిక్ అన్న షాపుకి పోయి కేబుల్ పెట్టి చూపించుకున్న, ఇంతకుముందు బండి 1550 మిల్లీబార్ (బయటి గాలి 950 కలిపి) అడిగితే 1280 దగ్గరనే ఆగుతుండెనంట పాత లాగ్‌ల, ఇప్పుడు 1540 దాక ఎక్కుతోంది. ఉష్‌ష్ సౌండ్ గూడ లేదు.

మొత్తం ఖర్చు: పైపులు, క్లిప్పులు, పీవీసీ క్యాప్, మాఫ్ క్లీనర్ కలిపి 1,100. అన్న షాపుల పైసలు తీస్కోలే, చాయ్ తాగిపిచ్చిండు పైనుంచి. ఆ 4,500 మాఫ్ వాపస్ తీస్కుంటావా అంటే అమ్మినాయన ఫోన్ ఎత్తుతలేడు.

ఈ20 బాధితుడు
మిగిలిన ఆ 4, 5 ఏందో తెలుసా 😎

ల్యాంబ్డా వన్
ఈ20 నే. ఒప్పుకుంటున్నా.

బూస్ట్ భాయ్
మరి ఎలుక?

సెల్లార్ సెడాన్
దొరకలే. బోను పెట్టిన, ఉల్లిగడ్డ బజ్జీ పెట్టిన, బజ్జీ తిన్నది, బోనుల పడలే. రోజూ రాత్రి బానెట్ ఎత్తి పెడుతున్న, చీకటిల ఉంటేనే కాపురం పెడతయంట అవి. పొద్దున పోంగనే తాత నిన్న రాత్రి మీ పక్కింటి వాళ్ల కొత్త ఎస్‌యూవీ కిందికి పోయింది సార్ అన్నడు.

పాతకాలం మెకానిక్
ఆళ్లకి నా నంబర్ ఇయ్యి తమ్ముడూ.